చెల్కల్లో రంగురాళ్లు: పాలమూరు, నల్లగొండ వైపు ఎక్కడ వెతకొచ్చు, ఎవర్ని అడగాలి

రాళ్ల పిచ్చి ఉన్నవాళ్లను పాలమూరు, నల్లగొండ నేలలు ఊరిస్తూనే ఉంటాయి. బస్సు కిటికీలోంచి చూసినా గుట్టలు, బండలు, పలుగురాళ్లు తేలిన చెల్కలే కనిపిస్తాయి. దిగి నాలుగడుగులు వేద్దామంటే మాత్రం టెన్షన్. ఆ గుట్ట ఫారెస్టు వాళ్లదా, రెవెన్యూదా, గుడి మాన్యమా? ఎవరైనా వచ్చి "ఏం దేవులాడుతున్నరు?" అంటే ఏం చెప్పాలి? సర్కారు భూమే కదా, అందరిదీ కదా అనుకుని దిగేవాళ్లు చిక్కుల్లో పడేది ఇక్కడే. మన దగ్గర సర్కారు భూమి సరదా సేకరణకు దాదాపు మూసి ఉన్నట్టే లెక్క. మిగిలిన దారి రైతు చేను మీదుగా, రైతు మాట మీద పోతుంది. ఆ దారిలో ఎలా వెళ్లాలో వరసగా చెప్తాను.

ముందు చట్టం ఏమంటుందో తెలుసుకోండి

1957 నాటి గనులు, ఖనిజాల చట్టం 4వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా ఖనిజాల కోసం అన్వేషణ చేయకూడదు, తవ్వకూడదు. ఉల్లంఘిస్తే 21వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు, హెక్టారుకు 5 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. ప్రభుత్వ భూమిలోంచి ఇసుక, ఖనిజం తీసుకుపోతే దీనికి తోడు దొంగతనం కేసు కూడా పెట్టొచ్చని 2014లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇవన్నీ లారీల కొద్దీ తరలించేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవే. కానీ సరదాకి ఏరుకునేవాళ్లకు విడిగా ఒక పర్మిట్టు గానీ, ఇంత బరువు వరకు ఫర్వాలేదు అనే మినహాయింపు గానీ ఇక్కడ లేవు. అమెరికాలో కొన్ని ప్రభుత్వ భూముల్లో సొంత సేకరణకు కొద్దిపాటి రాళ్లు తీసుకోవచ్చని నియమాలు రాసి పెట్టారు. వాళ్ల వీడియోలు చూసి ఆ లెక్కన ఇక్కడ సుత్తి పట్టుకుని బయల్దేరొద్దు.

అంత దూరం ఎందుకు, మధ్యప్రదేశ్‌లోని పన్నానే చూడండి. అక్కడ మామూలు మనిషి కూడా వజ్రాల ఆఫీసులో చిన్న రుసుము కట్టి 8 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు ఉన్న జాగా తీసుకుని తవ్వుకోవచ్చు. దొరికిన వజ్రాన్ని అదే ఆఫీసులో అప్పజెప్పాలి. వాళ్లు వేలం వేసి, రాయల్టీ పట్టుకుని మిగతా డబ్బు ఇస్తారు. గోల్కొండ వజ్రాలంటూ లోకమంతా చెప్పుకున్న రాళ్లు పుట్టింది కృష్ణా లోయలో. ఆ నది పారే మన జిల్లాల్లో ఇలాంటి ఏర్పాటు లేకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

పట్టా భూమి అయితే ఏం చేసినా చెల్లుతుందని కూడా అనుకోవద్దు. రైతు సరేనన్నా ఖనిజం కోసం తవ్వాలంటే లీజు కావాల్సిందే. అగేటు, జాస్పర్ అనే రంగురాళ్లు, కెంపు జాతి కురువిందం 2015లో చిన్నతరహా ఖనిజాల జాబితాలో చేరాయి, వాటి నియమాలు రాష్ట్రం చూసుకుంటుంది. పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, అభ్రకం కూడా అప్పుడు అందులోనే చేరాయి గానీ 2025 ఫిబ్రవరిలో కేంద్రం వాటిని తీసి ప్రధాన ఖనిజాల్లో కలిపింది. మీకు దీనర్థం ఒకటే. గడ్డపార, పార ఇంట్లో పెట్టి రండి. ఇక్కడ చెప్పేదంతా నేల పైన తేలిన రాళ్లను చూడటం, ఫొటో తీయడం, యజమాని ఒప్పుకుంటే గుప్పెడు తెచ్చుకోవడం వరకే. ఆ గుప్పెడు మీద కూడా అనుమానం ఉంటే జిల్లా గనుల శాఖ అసిస్టెంట్ డైరెక్టర్ ఆఫీసులో కాగితం మీద రాసి అడగండి. నోటి మాటగా అడిగితే నోటి మాటే వస్తుంది.

వెళ్లకూడని చోట్లను మ్యాపులో ముందే కొట్టేయండి

అన్నిటికంటే ముందు అడవి. రిజర్వ్ ఫారెస్టులో కట్టె ఒక్కటే కాదు, రాయి, మట్టి కూడా అటవీ ఉత్పత్తి కిందికే వస్తాయి. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో పరుచుకున్న అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 1972 వన్యప్రాణి చట్టం కూడా వర్తిస్తుంది, లోపల అడుగు పెట్టడానికే అనుమతి కావాలి. మన్ననూరు నుంచి శ్రీశైలం రోడ్డు మీద బండి ఆపి పక్కన గుట్టెక్కడం కూడా మానుకోండి. అక్కడి చెంచులు యురేనియం కోసం బోర్లు వేస్తారన్న భయంతో ఏళ్ల తరబడి నలిగారు. 2019 సెప్టెంబరులో నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని శాసనసభ తీర్మానం చేసేదాకా ఆ ఆందోళన సాగింది. కొత్త మనిషి చేతిలో సుత్తి కనబడితే ఆ ఊళ్లలో ఏమనుకుంటారో మీరే ఆలోచించండి.

తర్వాత పాత కట్టడాలు. కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు తవ్వకాలు నిషేధం, ఆపైన ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. బోర్డు లేదు కదా అని చొరవ తీసుకోవద్దు. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో కృష్ణ ఒడ్డున నిలువు రాళ్లున్నాయి. 2025లో అవి యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. అలాంటి చోట చిన్న గులకరాయిని కూడా కదపకూడదు. ఆ రాళ్ల అమరికే అక్కడి చరిత్ర.

చెరువు శిఖం (చెరువు నీళ్లు నిలిచే నేల), గైరాన్ (పశువుల మేత భూమి), ప్రాజెక్టు కింద సేకరించిన భూమి, గుడి మాన్యం, వక్ఫ్ భూమి, క్వారీ లీజులో ఉన్న గుట్ట, వీటన్నిటికీ ఒక్కో యజమాని ఉన్నారు. మూతబడ్డ క్వారీలకైతే అనుమతి ఇస్తామన్నా వెళ్లొద్దని నా సలహా. పేలకుండా మిగిలిన డిటోనేటర్లు, నీళ్లు నిండిన లోతు గుంతలు, వదులైన అంచులు అక్కడ మామూలే.

ఆ భూమి ఎవరిదో తేల్చుకోండి

మీకు నచ్చిన జాగా దొరికాక దాని సర్వే నంబరు కనుక్కోండి. ఊళ్లో పక్క చేను రైతును అడిగితే చాలాసార్లు చెప్పేస్తారు. ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో వచ్చిన భూభారతి అనే భూ రికార్డుల పోర్టల్‌లో ఆ నంబరు కొడితే పట్టానా, ప్రభుత్వ భూమా అన్నది తెలుస్తుంది. గ్రామ నక్షాతో పోల్చుకోండి. గట్టుకు ఇవతల పట్టా, అవతల ఫారెస్టు ఉండే ఊళ్లు చాలా ఉన్నాయి, నడుస్తుంటే తేడా కనబడదు. గ్రామ పాలన అధికారిని కలిస్తే పని ఇంకా తేలిక.

అప్పటికీ స్పష్టత రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మండల ఆఫీసులో 5 రూపాయలు, జిల్లా ఆఫీసులో 10 రూపాయలు కట్టి, ఫలానా సర్వే నంబరు ఏ వర్గంలో ఉంది, దాని మీద గని లీజు ఏదైనా ఉందా అని రెండు సూటి ప్రశ్నలు రాయండి. 30 రోజుల్లో జవాబు రావాలి. ఆ జవాబును జిరాక్సు తీయించి సంచిలో పెట్టుకుంటే ఎవరు ఆపినా ధైర్యంగా మాట్లాడొచ్చు.

ఏ నేలలో ఏ రాయి ఉంటుందో తెలియడానికి జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల భూకోశ్ పోర్టల్‌లో మ్యాపులు ఉచితంగా చూడొచ్చు. మన వైపు ఎక్కువగా ఉన్నవి 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు, నైసు శిలలు. వాటి పగుళ్లలో పలుగు, ఫెల్డ్‌స్పార్, కాకిబంగారం అని మనం పిలుచుకునే అభ్రకం దొరుకుతాయి. ఎపిడోట్ అనే ఖనిజం పిస్తా రంగు చారలు కూడా కనిపిస్తుంటాయి. పరిగి దాటి వికారాబాద్ వైపు పోతే పాత లావా గడ్డకట్టిన డెక్కన్ ట్రాప్ నల్లరాయి వస్తుంది, అగేటు వెతికేవాళ్లకు అది నచ్చే నేల.

నారాయణపేట, మద్దూరు, కోటకొండ దగ్గర సుమారు 110 కోట్ల ఏళ్ల నాటి కింబర్లైట్ శిలలున్నాయి. నల్లగొండ జిల్లా రామడుగు, వట్టికోడు దగ్గర లాంప్రాయిట్లున్నాయి. వజ్రాలను లోతు నుంచి పైకి మోసుకొచ్చే శిలలు ఈ జాతివే. అలాగని అవి ఉన్న చోటల్లా వజ్రాలు ఉండవు. నారాయణపేట కింబర్లైట్లలో లాభసాటి గని ఏదీ రాలేదు. వజ్రం దొరుకుతుందని ఎవరైనా ఆశ పెట్టి అక్కడికి తీసుకెళ్తానంటే డబ్బు ఇవ్వకండి.

రైతును అడగడం

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇది. మన పల్లెల్లో కొత్తవాళ్లు గుట్టల్లో తిరిగితే ముందుగా వచ్చే అనుమానం గుప్తనిధులు. పాత గుళ్లు, కోటలు తవ్విన ముఠాల కథలు ప్రతి మండలంలోనూ ఉన్నాయి, అందులో నిజాలూ ఉన్నాయి. కాబట్టి పొద్దున వెళ్లండి, పొద్దుగూకేలోపు వచ్చేయండి. అమావాస్య రోజు అసలు వెళ్లకండి. మెటల్ డిటెక్టర్ తీసుకెళ్లొద్దు. బొడ్రాయి, పోచమ్మ గుడి, కూలిన బురుజు దరిదాపుల్లో నేల వైపు చూస్తూ తిరగొద్దు. ఊళ్లోకి రాగానే సర్పంచినో, పంచాయతీ కార్యదర్శినో కలిసి ఫలానా వాళ్ల చేనుకు వెళ్తున్నామని పేరు, ఫోన్ నంబరు రాసి ఇవ్వండి. ఈ చిన్న పని వల్ల మధ్యాహ్నానికి చుట్టూ జనం మూగి నిలదీసే పరిస్థితి తప్పుతుంది.

రైతుతో మాట తిన్నగా ఉండాలి. "కాకా, నమస్తే. మాది మహబూబ్‌నగర్. రాళ్లు చూసుడు మాకు అలవాటు. మీ గెట్టు మీద ఏరేసిన రాళ్ల కుప్ప ఉన్నది కదా, ఒక గంట చూసుకోవచ్చా? తవ్వేది ఏం లేదు. తీసుకునేవి నీకు చూపెట్టే తీసుకుంటం."

"రాళ్లల్ల ఏమున్నది బిడ్డా? మేం ఏండ్ల సంది గుంజి గుంజి గెట్టుకేస్తిమి. నిజం చెప్పు, రాళ్ల కోసమేనా, ఇంకేమన్న ఉన్నదా?"

ఈ ప్రశ్న తప్పక వస్తుంది. దీనికి మాటలతో జవాబు చెప్పే బదులు సంచిలోంచి పాత రాళ్లు రెండు తీసి ఆయన చేతిలో పెట్టండి, భూతద్దం ఇచ్చి చూడమనండి. నునుపు చేసిన జాస్పర్ ముక్క ఒకటి వెంట ఉంచుకుంటే మంచిది. తన చేనులో రోజూ కాలికి తగిలే రాయి లోపల అలా ఉంటుందని చూసిన రైతు తానే ముందు నడిచి "అగో, ఆ మర్రి కింద ఇసొంటివి మస్తుగుంటయి" అని చూపిస్తాడు.

కొన్ని సంగతులు మొదట్లోనే మాట్లాడుకోవాలి. చేను కౌలుకు ఇచ్చి ఉంటే పట్టాదారు, కౌలుదారు ఇద్దరూ ఒప్పుకోవాలి. ఒకరు సరేనంటే సరిపోదు, పంట పోతే నష్టపోయేది దున్నేవాడే. రాయికింత అని డబ్బు ఇవ్వకండి, అది కొనుగోలు అవుతుంది. ఏదైనా మంచి రాయి బయటపడితే ఎవరిది అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి. నా ఉద్దేశంలో అది రైతుదే. ఆయన వద్దనుకుని ఇస్తే తీసుకోవాలి, లేకపోతే ఫొటో తీసుకుని వచ్చేయాలి. వద్దు అంటే వద్దే. రెండోసారి బతిమాలడం మర్యాద కాదు.

ఎప్పుడు వెళ్లాలి

మృగశిర కార్తె చుట్టుపక్కల, జూన్ మొదటి వారాల్లో తొలి వానలు పడగానే పై మట్టి కొట్టుకుపోయి రాళ్లు కడిగినట్టు తేలతాయి. అయితే అదే వానకు పత్తి గింజలు పెట్టడం మొదలవుతుంది. గింజ పడ్డ చేనులో కాలు పెట్టకూడదు. దుక్కి దున్ని, వాన పడి, ఇంకా విత్తని ఆ కొద్ది రోజులే మీవి. అందుకే రైతు ఫోన్ నంబరు ఉంటే "విత్తనం ఎప్పుడు పెడుతున్నరు?" అని ముందు రోజే అడగాలి.

దానికంటే నింపాదిగా తిరగడానికి వీలైన కాలం యాసంగి పల్లి పీకిన తర్వాత. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు పల్లి ఎక్కువ. చెట్టు పీకినప్పుడు నేల కదిలి లోపలి రాళ్లు పైకొస్తాయి. మార్చి దాటితే ఎండకు తట్టుకోలేరు. పొద్దున పదింటికల్లా ముగించుకోండి.

చేను మధ్యలో తిరగడం కంటే గెట్ల మీద కుప్పలు చూడటమే లాభం. తరతరాలుగా నాగలికి తగిలిన రాయినల్లా అక్కడే పడేశారు. పాత బావి పక్కన పోసిన బండ ముక్కలు ఇంకా మేలు, అవి భూమి లోపలి నుంచి వచ్చినవి, ఎండకు వానకు పెద్దగా నలగనివి. కుప్పలో చేయి పెట్టే ముందు కర్రతో కదపండి. తేళ్లు, పాములు కాపురం ఉండేది అక్కడే. చూశాక రాళ్లను మళ్లీ కుప్పగానే పేర్చండి.

రాయిని పట్టుకుని చూడటం

ఎర్రమట్టి పట్టిన రాయిని తీసి నీళ్ల బాటిల్‌తో కడగండి. పలుగు అయితే విరిగిన చోట గాజులా వంపు తిరిగి మెరుస్తుంది, గాజు సీసా మీద గీస్తే గీత పడుతుంది. ఫెల్డ్‌స్పార్ కూడా గాజును గీస్తుంది గానీ అది విరిగినప్పుడు మెట్లలా చదునుగా విరుగుతుంది, ఎండలో తిప్పితే ఒక వైపు మొత్తం ఒక్కసారిగా తళుక్కుమంటుంది. కాల్సైట్ తెల్లగా మోసం చేస్తుంది. చాకుతో గీస్తే గీత పడుతుంది, ఆ పొడి మీద నిమ్మకాయ పిండితే సన్నగా బుడగలొస్తాయి.

అగేటు గులక పై నుంచి చూస్తే ఏమీ ఉండదు. మురికి గోధుమ రంగు, పైన చిన్న చిన్న గుంటలు. దాన్ని తడిపి సూర్యుడికి ఎదురుగా పట్టుకుంటే పలుచటి అంచు దగ్గర తేనె రంగు వెలుగు లోపలికి దిగుతుంది. అంచు వెంబడి వెంట్రుక మందం గీతలు ఒకదాని వెనక ఒకటి కనబడితే అది అగేటు. గీతలు లేకుండా పాలలా ఉంటే చాల్సిడొనీ. వెలుగు అసలు దిగకుండా ముదురు ఎరుపులో నునుపుగా ఉంటే జాస్పర్. చూడటానికి పది రెట్ల భూతద్దం చాలు.

సుత్తితో పగలగొట్టి చూడాలనే తొందర వద్దు. పలుగు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటే సిలికోసిస్ వస్తుంది, దానికి మందు లేదు. ఇంట్లో రాయి కోసినా, రుద్దినా నీళ్లు పోస్తూనే చేయండి, మంచి మాస్కు పెట్టుకోండి.

కృష్ణ ఒడ్డు

తంగిడి దగ్గర కృష్ణ తెలంగాణలో అడుగు పెడుతుంది, అక్కడే భీమా కలుస్తుంది. రెండూ మహారాష్ట్ర ట్రాప్ రాళ్ల మీదుగా వస్తాయి కాబట్టి గులకల్లో అగేటు, జాస్పర్ ఉంటాయి. ఎండాకాలం నీళ్లు తగ్గాక బీచుపల్లి, సోమశిల వైపు ఒడ్డు తేలుతుంది. కానీ నదీగర్భం ప్రభుత్వానిది, ఇసుక మీద నిఘా ఎక్కువ, సంచీ పట్టుకుని కనబడితే ప్రశ్నలు తప్పవు. ఒడ్డున చూడండి, ఫొటో తీయండి, రాయిని అక్కడే ఉంచేయండి. జూరాల గేట్లు ఎత్తితే నీళ్లు చూస్తుండగానే పెరుగుతాయి, మొసళ్లూ ఉన్నాయి. పిల్లల్ని నీటి అంచుకు పోనివ్వకండి. అవతలి ఒడ్డు కొన్నిచోట్ల కర్ణాటక, కొన్నిచోట్ల ఆంధ్రప్రదేశ్, అక్కడి అధికారులు వేరు.

తెచ్చాక

ప్రతి రాయితో ఒక చీటీ ఉండాలి. ఊరు, సర్వే నంబరు, రైతు అనుమతి ఇచ్చిన తేదీ, గెట్టు మీదిదా బావి మట్టిలోదా అన్న వివరం రాయండి. ఎక్కడిదో తెలియని రాయికి శాస్త్రపరంగా విలువ ఉండదు, చట్టం ముందు రక్షణా ఉండదు. అమ్మకం మాత్రం మొదలుపెట్టొద్దు. ఒక్క రాయి అమ్మినా మీరు సరదాకి సేకరించేవారు కారు, వ్యాపారి అవుతారు. ఖనిజ వ్యాపారానికి డీలరు లైసెన్సు కావాలి.

కుప్పలో రంధ్రం చేసిన ఎర్రపూస, నాణెం, రాతి గొడ్డలి లాంటివి కనబడితే చేతిలోకి తీసుకోకుండా ఫొటో తీసి తహసీల్దారుకు చెప్పండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దాగి ఉన్న 10 రూపాయలకు మించిన విలువైన వస్తువు ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలి. రైతుకు కూడా ఈ సంగతి అర్థమయ్యేలా చెప్పండి, ఆయన్ని ఇరకాటంలో పెట్టకండి.

ఒక జాగా అడగండి

ఇన్ని జాగ్రత్తలు పడాల్సి రావడానికి కారణం మనకంటూ ఒక్క చోటు కూడా లేకపోవడమే. పన్నాలో వజ్రాలకు ఉన్నట్టు, మన జిల్లాల్లో పిల్లలు, విద్యార్థులు పట్టపగలు ధైర్యంగా నాలుగు అగేటు ముక్కలు ఏరుకునే రెండెకరాలు ఎక్కడైనా కేటాయించొచ్చు. అది అడిగితేనే వస్తుంది. మీ స్నేహితులు నలుగురు కలిసి ఒక పేజీ అర్జీ రాయండి. అడవి కాని, లీజు లేని, చెరువు శిఖం కాని ఒక ప్రభుత్వ సర్వే నంబరు పేర్కొనండి. తవ్వకం ఉండదని, చేత్తో ఏరడమేనని, మనిషికి ఇన్ని కిలోలకు మించదని, అమ్మకం ఉండదని మీరే షరతులుగా రాయండి. ఆ పంచాయతీ గ్రామసభ తీర్మానం జత చేయగలిగితే బలం పెరుగుతుంది. రుసుము పంచాయతీకి వెళ్లాలని కూడా రాయండి, ఊరికి లాభం ఉంటే ఊరే మీ తరఫున మాట్లాడుతుంది. సోమవారం కలెక్టరేటులో ప్రజావాణికి పట్టుకెళ్లి ఇవ్వండి, ఒక కాపీ గనుల శాఖకు పంపండి, రసీదు తీసుకోవడం మరిచిపోకండి.